గేటుకు తాళము వేయవచ్చునా?

చదువవలసిన లేఖనభాగములు: ద్వితీయోపదేశకాండము 23:24-25, 24:19-21, రూతు 2వ అధ్యాయము



2021వ సంవత్సరము నవంబరు నెలలో ఒక ఆదివారము ఉదయమున మా గుడి ఆవరణలోని జామచెట్ల మీద ఒక్క కాయయైనను లేదు. శనివారము సాయంకాలము ఊడ్చుటకు వచ్చిన స్త్రీలు కొమ్మలనిండ దోరకాయలు చూచిరి. సండేస్కూలు పిల్లలు వారము దినములనుండి వాటిని లెక్కపెట్టుచుండిరి. తెల్లవారుసరికి ఆకులు మాత్రము మిగిలెను. ఆ దినము ఆరాధన తరువాత కూడిన పెద్దల కూటములో మరి యే సంగతియు చర్చకు రాలేదు. వానకు కారుచున్న పైకప్పు మాట కూడ మరచిపోయితిమి.

కోసినవారెవరో తెలిసికొనుట కష్టము కాలేదు. పట్నమునుండి ఆరాధనకు వచ్చిన ఒక కుటుంబమువారు బస్సు స్టాండు దగ్గర ఆమెను చూచిరి. ఆమె మా సంఘస్థురాలే. విధవరాలు, ముగ్గురు పిల్లల తల్లి. చీకటితోనే వచ్చి, గంపకెత్తుకొని, తొలి బస్సులో పోయి, కుప్పలు పోసి అమ్మినది. సాయంకాలము అడిగినప్పుడు ఆమె దాచనులేదు, ఏడ్వనులేదు. "అందరూ కోసుకోవచ్చని గుళ్లోనే చెప్పారు గదండీ మాస్టారూ, నేను అందరిలో లేనా?" అని మాత్రము అన్నది.

ఆ కూటములో ఒకరు లేచి, "గేటుకు తాళము వేయుదము. వచ్చే యేటినుండి చెట్లను వేలము పాడించి, ఆ సొమ్ము పైకప్పుకు జమ చేయుదము" అనిరి. అన్నవాడను నేనే. చాలమంది తల ఊపిరి. ఆ తాళము న్యాయమా కాదా అను సంగతిని ఈ నెల మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను. జామకాయల తగవునకు ఇంత ధ్యానమెందుకని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఏదెను తోటలోనైనను తగవు వచ్చినది ఒక చెట్టు దగ్గరనే గదా.

ఆ చెట్లు అక్కడికి ఎట్లు వచ్చెనో ముందు చెప్పవలెను. మా సంఘములోని ఒక కుటుంబపు కుమారుడు అమెరికాలోని సియాటిల్ నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. 2018లో సెలవుకు వచ్చినప్పుడు యౌవనుల కూటములో అతడు తాను చూచిన ఒక వనమును గూర్చి చెప్పెను. ఆ నగరములో బీకన్ హిల్ అను పేట ఉన్నది. పలు దేశములనుండి వచ్చి స్థిరపడినవారు అక్కడ అధికము. ఆ పేటలో జెఫర్సన్ పార్కు ప్రక్కన నగరపు నీటి సరఫరా శాఖవారి భూమి, ఏడు ఎకరములు, గడ్డి పెరిగి ఊరక పడియుండెను. 2009లో కొందరు ఒక శిక్షణ తరగతిలో అభ్యాసము కొరకు ఆ భూమికి ఒక పటము గీసిరి. కాగితము మీది పటము ఇరుగుపొరుగువారికి నచ్చెను. వారు కూటములు పెట్టుకొని, పలు భాషలవారిని పిలిచి మాటలాడి, నగరపాలకులను ఒప్పించి, 2012లో రెండెకరములకు లోపు భాగములో నాటుట ఆరంభించిరి. ఆపిలు, బేరి, వాల్‌నట్ వంటి చెట్లు పైన. వాటి నీడన బెర్రీ పొదలు. వాటి క్రింద ఆకుకూరలు. అక్కడ కాపలా లేదు. ఎవరైనను వచ్చి, ఎవరిని అడుగకయే కోసికొనవచ్చును. నాటినవానికి ఎంత హక్కో దారిన పోవువానికిని అంతే.

మా యౌవనులు వెంటనే అడిగిన ప్రశ్న మీరు ఊహించియే యుందురు. ఎవడైన వచ్చి అన్నియు కోసికొని పోయిన యెడల ఏమి చేయుదురు? ఆ ప్రశ్న అక్కడివారికిని తప్పలేదట. వనమును రూపించినవారిలో ఒకరిని పత్రికలవారు అదే అడిగిరి. బ్లూబెర్రీలన్నియు ఒక్కడే కోసికొని పోవచ్చును, ఆ యొక్కనికి వాటి అవసరము ఉన్నదేమో, కాపు ముగియుసరికి చెట్లమీద ఏమియు మిగులకుంటే మేము గెలిచినట్లే అని వారు భావము చెప్పిరి. ఆ మాట విన్న దినమున నాకు మిక్కిలి ఇంపుగా ఉండెను. మూడేండ్ల తరువాత మా జామచెట్లు ఖాళీయైనప్పుడు ఆ మాట నాకు జ్ఞాపకమే రాలేదు. దూరపు చెట్టును గూర్చి ఉదారముగా ఉండుట తేలిక.

ఈ విధముగా అడవివలె అంతస్తులుగా నాటుట సియాటిల్‌వారు కనిపెట్టినది కాదు. ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్‌లో రాబర్ట్ హార్ట్ అను ఒకాయన తన పాత పండ్లతోటను, మన లెక్కలో పండ్రెండు సెంట్లకు మించనిదానిని, ఇట్లే మార్చి చూపెను. ఆయన 2000 సంవత్సరములో చనిపోయెను. ఎత్తైన చెట్లు, వాటి క్రింద చిన్న చెట్లు, పొదలు, ఆకుకూరలు, నేలమీద ప్రాకునవి, నేలలో దుంపలు, పైకి ప్రాకు తీగెలు అని ఏడు వరుసలుగా ఆయన చెప్పెను. ఆయనకు ఆదర్శములలో ఒకటి మన ప్రక్కనున్న కేరళ దేశపు పెరటి తోటలే. కొబ్బరి, పనస, మిరియపు తీగె, అరటి, అల్లము, కంద ఒకదాని నీడన ఒకటి పెరుగు ఆ పెరడులను చూచినవారు మీలో ఉండవచ్చును.

హార్ట్‌గారికి మార్గము చూపిన మరియొకరు జపాను దేశపు దైవజనుడు కగావా టొయొహికో. 1888లో పుట్టిన ఈయన 1909లో కోబె పట్టణపు మురికిపేటలోనికి పోయి పేదలమధ్యనే కాపురముండెను. పేదలు పల్లెలను విడిచి పట్టణములకు ఎందుకు వచ్చుచున్నారని ఆలోచించి, రైతుల మధ్య పనికి దిగెను. కొండవాలులమీద చెట్లు పోగా వానకు మన్ను కొట్టుకొనిపోవుచుండెను. వాలులమీద వాల్‌నట్ వంటి చెట్లు నాటుడి, వాటి కాయలను పందులకు మేపుడి, మన్ను నిలుచును, ఇంటికి రాబడియు కలుగును అని ఆయన బోధించెను. ప్రసంగవేదిక మీదినుండి మొక్కలు నాటుటను గూర్చి చెప్పుట తక్కువ పని అని ఆయన ఎంచలేదు. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గరి తాంబరములో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు ఆయన వచ్చెను. మరుసటి నెల గాంధీగారిని కలిసికొనెను.

మా ఆవరణ ముప్పది సెంట్లు. మిషనువారి కాలపు చింతచెట్టు ఒకటి, వేపలు రెండు తప్ప తక్కినది ఉత్త నేల. 2018 తొలకరిలో జామ, సీతాఫలము, నేరేడు, ఉసిరి, సపోటా, పనస, నిమ్మ, మునగ, కరివేప నాటితిమి. ప్రహరీ వెంబడి దొండ, బచ్చలి తీగెలు ప్రాకించితిమి. నీడ పడు చోట కంద, పసుపు పెట్టితిమి. మొదటి వేసవిలో సగము మొక్కలు చచ్చినవి. కొన్ని మేకల పాలాయెను. నాటిన దినమున పాటలు పాడినవారిలో ఏప్రిలు నెల ఎండలో బిందె ఎత్తినవారు పదిమంది లేరు. ఆ పదిమందియు పదునైదేండ్ల లోపు పిల్లలే.

మరియొక తగవు ఆకులను గూర్చి వచ్చినది. రాలిన ఆకులు మొక్కల మొదళ్లలో కప్పియుంచిన యెడల తేమ నిలుచును, అవే చివికి ఎరువగును. కాని శుభ్రముగా ఊడ్చి, నీళ్లు చల్లిన వాకిలి మనవారికి మర్యాద. "గుడి దగ్గర చెత్త ఉంచుతారా? పాములు చేరతాయి" అని స్త్రీలు ఊడ్చి కాల్చివేసెడివారు. వారి భయము వట్టిది కాదు. చివరికి నడచు దారి పొడవున మూడడుగుల మేర ఊడ్చుట, తక్కినచోట ఆకులు ఉంచుట అని రాజీకి వచ్చితిమి. ఈ ఒక్క సంగతికి రెండేండ్లు పట్టినది.

ఇప్పుడు తాళము సంగతికి వత్తును. ఆ కూటములో నేను లేఖనము కూడ ఎత్తి మాటలాడితిని. లేవీయకాండము 19వ అధ్యాయములో, క్రొత్తగా నాటిన చెట్టు ఫలమును మూడేండ్లు తినకూడదనియు, నాలుగవ యేటి ఫలము దేవునికి ప్రతిష్ఠితమనియు, అయిదవ యేటినుండి తినవచ్చుననియు ఉన్నది. మా చెట్లకు అది నాలుగవ యేడు. కావున ఆ పంట ప్రభువుది, వేలము పాడించి గుడికి చేర్చుటయే న్యాయమని వాదించితిని. వాదము బిగువుగానే ఉన్నదని నాకు తోచెను. తనకు కావలసినదానిని లేఖనములో వెదకువానికి అది తప్పక దొరకును.

నీళ్లు మోసిన పిల్లలలో ఒక బాలిక తలుపు దగ్గర నిలిచి వినుచుండెను. పెద్దల కూటములో పిల్లలు మాటలాడు వాడుక మాకు లేదు. అయినను ఆమె, "రెండు ఎండాకాలాలు నీళ్లు మోసింది మేమండీ. ఆవిడ ఒక్క బిందె కూడా మొయ్యలేదు" అన్నది. ఎవరును గద్దింపలేదు. ఎందుకనగా అది సత్యము. అపొస్తలుడైన పౌలు కూడ కొరింథీయులకు వ్రాయుచు, ద్రాక్షతోట వేసి దాని ఫలము తిననివాడెవడు అను భావముతో అడిగెను గదా. పనిచేయ నొల్లనివాడు భోజనమునకు కూర్చుండకూడదని థెస్సలొనీకయులకు వ్రాసినదియు ఆయనయే. కష్టపడినవాడు తన కష్టఫలము తినుట న్యాయము. అందరిదని చెప్పి ఈ న్యాయమును త్రోసివేయు ఉపకారము ఎక్కువ కాలము నిలువదు. రెండవ వేసవికి బిందె ఎత్తువాడు ఉండడు.

అప్పుడు మాలో అందరికంటె పెద్దవాడైన ఒక తాత లేచెను. ఎనుబది యేండ్లు దాటినవాడు. కూలిపని చేసి బ్రదికినవాడు. ఆయన ముంజేతిమీద పాత మచ్చ ఒకటి ఉన్నది. "మాస్టారూ, నాకు పదేళ్లప్పుడు గాలివానకి ఆసామి తోటలో మామిడికాయలు రాలాయి. ఒకటి ఏరుకున్నా. చెట్టుమీది కాయ కాదండి, నేలమీది కాయ. కావలివాడు కర్ర పుచ్చుకు కొట్టాడు. ఇదిగో, ఇదే ఆ దెబ్బ. ఇంటికెళ్తే మా అమ్మ కూడా నన్నే తిట్టింది, వాళ్ల తోటలోకి ఎందుకెళ్లావని. ఇన్నాళ్లకి మనకీ ఓ తోట వచ్చింది. ముందుగా కావలివాణ్ణి పెడదామంటున్నారు" అని కూర్చుండెను.

నేను ఇంటికి పోయి ఆ రాత్రి ద్వితీయోపదేశకాండము తెరచితిని. పైన వ్రాసిన రెండు భాగములను ఎన్నోమారులు చదివియున్నాను, కాని ఒకదాని ప్రక్క ఒకటి పెట్టి చూడలేదు. 23వ అధ్యాయములో, పొరుగువాని ద్రాక్షతోటలోనికి పోయినవాడు కడుపునిండ తినవచ్చును, పాత్రలో మాత్రము వేసికొనకూడదు. పంటచేనిలో చేతితో వెన్నులు త్రుంచుకొనవచ్చును, కొడవలి మాత్రము వేయకూడదు అని ఉన్నది. ఇది ఎంత వింతయైన ధర్మశాస్త్రమో గమనించుడి. చేను పొరుగువానిదే, అది ఉమ్మడి చేను కాదు. అయినను ఆకలిగొన్నవాడు లోపలికి రావచ్చును. ప్రభువు శిష్యులు పంటచేనిలో వెన్నులు త్రుంచి తినినప్పుడు పరిసయ్యులు తప్పుపట్టినది విశ్రాంతిదినమును గూర్చియే కాని, దొంగతనమని వారైనను అనలేదు. (మా కూటములో అయితే రెండు నేరములును మోపితిమి. ఆదివారము అమ్మినదని ఒకరు ప్రత్యేకముగా వ్రాయించిరి.)

ఈ భాగమును బట్టి చూచిన యెడల ఆమెది తప్పే. చేతితో తినలేదు, గంప తెచ్చినది. నేను పుస్తకము మూయబోతిని. కాని తరువాతి అధ్యాయములో మరియొక మాట ఉన్నది. పొలములో మరచిన పన, ఒలీవచెట్టున మిగిలిన కాయ, ద్రాక్షతోటలో పరిగె, ఇవి పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి చెందవలెను. అక్కడ పాత్ర నిషేధము లేదు. రూతు బోయజు పొలములో ఏరుకొని, దుల్లగొట్టి, తూమెడు యవలు ఊరిలోనికి మోసికొనిపోయెను. ఇంట అత్త ఉన్నది గనుక. ఒకటి దారిన పోవువానికి ఇచ్చిన హక్కు. వాని కడుపే దానికి కొలత. రెండవది ఇంట ఆకలిగొన్నవారు గలదానికి ఇచ్చిన హక్కు. దానికి గంప కావలెను. మొదటిదాని కొలతతో రెండవదానిని కొలిచితిని, అదియే నా పొరపాటు. పైగా పరిగె ఏరుట ఊరక కూర్చుండి తినుట కాదు. రూతు ఉదయమునుండి సాయంకాలమువరకు వంగి పనిచేసెను. మా సహోదరి కూడ చీకటిలో లేచి, కోసి, మోసి, అమ్మినది. మూడు శేర్ల జామకాయలు పెట్టిన యెడల పిల్లల ఆకలి తీరదు. అవి అమ్మి బియ్యము కొనవలెను. ఆమెను సోమరియని పౌలు మాట ఎత్తి కొట్టుట తగదు.

మరి నీళ్లు మోసిన బాలిక మాట? దానికి నా దగ్గర ప్రసంగము లేదు. పెద్దలము చేసిన యేర్పాటు చెప్పెదను. ప్రతి చెట్టుకును ఆ యేటి తొలి పండ్లు ఒక ఆదివారము ఆరాధన తరువాత కోసి, నీళ్లు పోసినవారి చేతులలో మొదట పెట్టుచున్నాము. తరువాత కోత అందరిది. బాలిక దీనితో పూర్తిగా సమాధానపడలేదు. "ఒక్క పండేనా?" అన్నది. ఆమెకు నేను మిషనువారి కాలపు చింతచెట్టును చూపితిని. అది నాటినవారెవరో మాలో ఎవరికిని తెలియదు, వారు మనలను ఎరుగరు. దాని పులుసు తినని ఇల్లు మా సంఘములో లేదు. తాము నాటని ద్రాక్షతోటలు, ఒలీవతోటలు తమకు వచ్చుచున్నవని ఇశ్రాయేలీయులకు మోషే ముందుగానే చెప్పెను గదా. బాలిక చింతచెట్టువైపు చూచి, "దానికీ ఎవరో నీళ్లు పోసే ఉంటారు" అన్నది. నేను చెప్పదలచిన దానికంటె అది మేలు.

తాళము వేయలేదు, వేలము పాడించలేదు. అయితే, గంపతో వచ్చువారు ముందుగా ఒక పెద్దకు చెప్పవలెనని తీర్మానము వ్రాసితిమి. అది ఆరు నెలలు కూడ నిలువలేదు. ఎవరును అడుగుటకు రాలేదు. ఆ విధవరాలు కోయుటయే మానివేసెను. పేదవాడు ప్రతి మారును తన పేదరికము చెప్పి చేయి చాచవలసియున్న యెడల అది హక్కు కాదు, భిక్ష. బోయజు ఏమి చేసెనో చూడుడి. ఆమెను అవమానపరచవద్దని పనివారికి ఆజ్ఞాపించి, పిడికెళ్లు కావలెనని పడవేయుమనెను. ఆమెను అడుగుకొమ్మనలేదు. మేము ఆ తీర్మానమును కొట్టివేసి, ఒక సాయంకాలము మా యింటివారిని ఆమె యింటికి పంపితిమి. ఆమె మరల వచ్చుటకు ఒక వేసవి పట్టినది.

ఇంతటితో కథ ముగిసియున్న బాగుగా ఉండెడిది. 2023 ఫిబ్రవరిలో ప్రక్క ఊరినుండి ఒకడు మోటారు సైకిలుమీద గోనెసంచులతో వచ్చి సపోటాలు, పచ్చివి పండినవి చూడక, దులుపుకొని పోయెను. కష్టములో ఉన్నవాడు కాడు. రెండు కొట్లు ఉన్నవాడు. పెద్దలము ఇద్దరము పోయి మాటలాడితిమి. "గేటు తీసే ఉంది గదా" అని నవ్వెను. సియాటిల్‌వారి మాట అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది. ఆ యొక్కనికి అవసరమేమో అని వారు అన్నారు గదా. ఆ మాట నాకు పూర్తిగా మింగుడుపడలేదు. అవసరము లేనివాడు ఉమ్మడి చెట్టుకు సంచి తగిలించుట తప్పు. చేను బార్లగా ఉన్నంతమాత్రాన కొడవలి వేయకూడదనియే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. తప్పును తప్పని చెప్పుట ప్రేమకు విరోధము కాదు. అయితే వాని నిమిత్తము తాళము వేసిన యెడల తాళము ఎవరిని ఆపును? వాడు గోడ దూకును. ఆగునది ఆ తల్లి, ఆ తాత, బడినుండి వచ్చు పిల్లలు.

దీనిని గూర్చి ఆలోచించినకొలది ఒక సంగతి తేటపడినది. వాడు దులిపినవి సపోటాలు మాత్రమే. ఆ నెలలో మునగచెట్టు పూతమీదను పిందెమీదను ఉన్నది. దానిని వాడు తాకలేదు. కరివేప, బచ్చలి, నిమ్మ ఉన్నవి. సీతాఫలము వానకాలము చివరను, ఉసిరి చలికాలమునను, చింతచిగురు ఎండల మొదటను, నేరేడు తొలకరికిని వచ్చును. కంద నేలలోపల ఉన్నది. ఒకే జాతి చెట్లు వరుసగా నాటిన తోట ఒకే నెలలో పండును. దానికి గంపలు, సంచులు, వేలము, కావలి అన్నియు సహజముగా వచ్చును. పలు జాతులు కలిసిన వనములో దినమునకు ఇంత, ఇంటికి ఇంత చొప్పున పండును. దానిని ఒక్కసారిగా ఎత్తుకొనిపోవుట ఎవనికిని సాధ్యము కాదు. మేము జామలు ఎక్కువగా నాటితిమి, ఎందుకనగా అవి త్వరగా కాయును, అమ్మిన డబ్బు వచ్చునని మనసులో ఎక్కడనో ఉన్నది. మా ఆశయే ఆ చెట్లను గంపకు అనువుగా నాటినది.

తెలంగాణములో జహీరాబాదు దగ్గరి పల్లెలలోని పేద స్త్రీలకు ఈ సంగతి మనకంటె బాగుగా తెలియును. వారిలో ఎక్కువమంది దళిత స్త్రీలు. పస్తాపూరు కేంద్రముగా 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి వారు సంఘములుగా కూడుకొని, బీడుపడిన నేలలను సాగులోనికి తెచ్చిరి. జొన్న, కొర్ర, కంది, పెసర, అలసంద మొదలైన ఎన్నో గింజలను ఒకే చేనిలో కలిపి విత్తుదురు. ఒకటి పోయినను మరియొకటి నిలుచును. ఒకటి కోతకు వచ్చినప్పుడు మరియొకటి ఇంకను పచ్చగా ఉండును. విత్తనమును అమ్ముకొనక ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొందురు. వర్షాధారపు ఎర్రనేలలో బీదవారు నేర్చిన తెలివి అది.

అందుచేత 2023 తొలకరిలో క్రొత్తగా ఒక్క జామయు నాటలేదు. అవిసె, రేగు, వాక్కాయ, బొప్పాయి, చిలగడదుంప పెట్టితిమి. అవిసె ఆకు కూరకు వచ్చును, వేళ్లు నేలకు బలమిచ్చును. మచ్చగల తాత తన చేతితో మరియొక పనస నాటెను. అది ఎప్పుడు కాయునని పిల్లలు అడుగగా, "మీకు మీసాలొచ్చేసరికి" అనెను. ఆయన ఇంకను మనతో ఉన్నాడు. పనస ఇంకను కాయలేదు. సపోటాల మనిషి మరల రాలేదు. ఎందుకో తెలియదు, సిగ్గుపడెనని చెప్పుటకు నాకు ఆధారము లేదు.

ఇప్పుడు చెరువుగట్టు దిగువను గ్రామపంచాయతీవారి భూమి కొంత తుమ్మలు పెరిగి పడియున్నది. ఊరిలోని అన్ని పేటలవారమును కలిసి అక్కడ ఇట్లే నాటెదమని, ఒక్క సంఘము పేరున కాక ఊరి పేరున, అర్జీ పెట్టితిమి. గట్టుమీది చింతచెట్లను ఏటేట వేలము పాడుకొనువారికి ఇది అంతగా నచ్చలేదు. సర్పంచిగారు మర్యాదగానే మాటలాడి, "అంతా బాగానే ఉంది మాస్టారూ, ఫలసాయం ఎవరిదో తీర్మానంలో రాయాలి గదా, ఏమని రాయమంటారు?" అని అడిగిరి. "అందరిది" అని వ్రాసిన యెడల గోనెసంచివాడును అందరిలో ఉన్నాడు. "బీదలది" అని వ్రాసిన యెడల ఎవరు బీదలో లెక్క వ్రాయువాడు కావలెను. నేను వారము గడువు అడిగితిని. ఈ శనివారము సాయంకాలము చింతచెట్టు క్రింద కూడుకొనుచున్నాము. ఆ విధవరాలిని, నీళ్లు మోసిన బాలికను కూడ రమ్మని పిలిచితిమి. ఆ బాలిక ఇప్పుడు ఇంటర్మీడియెటు చదువుచున్నది, తీర్మానము తానే వ్రాసెదనన్నది.